కొత్త రౌటర్, మొండికేసిన ప్రింటర్

కొత్త రౌటర్ పెట్టగానే ఫోన్లు, ల్యాప్‌టాప్ కనెక్ట్ అయ్యాయి. పాత ప్రింటర్ మాత్రం వైఫై పేరు చూపిస్తుంది, పాస్‌వర్డ్ కొడితే ఫెయిల్ అంటుంది. అదే పాస్‌వర్డ్ ఫోన్‌లో పనిచేస్తోంది కాబట్టి దాని మీద అనుమానం లేదు.

రౌటర్ అడుగున స్టిక్కర్ మీదున్న 192.168.1.1 అడ్రస్‌ని బ్రౌజర్‌లో కొట్టి, వైర్‌లెస్ సెట్టింగ్స్ తెరిచాను. సెక్యూరిటీ దగ్గర డబ్ల్యూపీఏ3 (వైఫైకి తాళం వేసే కొత్త పద్ధతి) ఒక్కటే ఉంది. అది 2018లో వచ్చింది, అంతకన్నా పాత పరికరాలు చాలావాటికి ఒంటబట్టదు. దాని ముందు తరం డబ్ల్యూపీఏ2, ఈ 3 కలిపి ఉండే మిక్స్‌డ్ మోడ్ పెట్టి చూశాను. ఊహూఁ! కొన్ని పాతవాటికి ఆ మిక్స్‌డ్ కూడా పడదు.

అప్పుడు వైఫై నడిచే రెండు బ్యాండ్లు, 2.4, 5 గిగాహెర్ట్జ్‌లను ఒకే పేరు కింద కలిపే ఆప్షన్ ఆపేసి, రెండింటికీ వేరే పేర్లు ఇచ్చాను. ఈ ప్రింటర్‌కి తెలిసింది 2.4 ఒక్కటే. ఆ 2.4కి డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ (డేటాని గుప్తంగా మార్చే పద్ధతి) పెట్టాను, 5కి డబ్ల్యూపీఏ3 అలాగే ఉంచాను. సేవ్ చేశాక ప్రింటర్ వెంటనే పట్టుకుంది.

పనిలో పనిగా 2.4లో ఛానెల్‌ని (ఆ బ్యాండ్‌లో వైఫై వాడుకునే భాగం) ఆటో నుంచి 11కి, వెడల్పుని 20 మెగాహెర్ట్జ్‌కి మార్చాను. 1, 6, 11 ఛానెళ్లు ఒకదాని మీద ఒకటి పడవు. చుట్టుపక్కల వైఫైలు ఎక్కువగా 1, 6 మీదే ఉన్నాయి.

ఇవన్నీ ల్యాన్ కేబుల్ పెట్టుకుని చేయడం మేలు. సేవ్ కొట్టిన ప్రతిసారీ వైఫై తెగిపోతుంది.