ఎక్కువ లెక్కలు కాదు, ఆలోచించే లెక్క

మా అమ్మాయి రెండో తరగతి. కూడికలు టకటకా చేసేసి "ఇంకేం లేవా?" అని విసుక్కునేది. మూడో తరగతి పుస్తకం కొనిచ్చా. నాలుగు రోజుల్లో అదీ మూలన పడింది.

ఓ ఆదివారం సుద్దతో నేల మీద త్రిభుజం గీశా. మూలల్లో మూడు, భుజాల మధ్యన మూడు సున్నాలు. 1 నుంచి 6 వరకు చీటీలిచ్చి, ప్రతి భుజం మొత్తం 9 రావాలన్నా. అరగంట కదల్లేదు. చివరికి మూలల్లో 1, 2, 3 పెట్టాక కుదిరింది. తర్వాత భుజం మొత్తం 10, 11, 12 వచ్చేలా కూడా సాధించింది.

"8 ఎందుకు రాదు నాన్నా?" అంది. చెప్పెయ్యాలనిపించినా ఆగాను. మర్నాడు పళ్లు తోముకుంటూ పరుగెత్తుకొచ్చింది: "మూలలవి రెండేసి సార్లు లెక్కకొస్తాయి! అక్కడ చిన్నవి 1, 2, 3 పెట్టినా, ఆరు చీటీల మొత్తం 21కి వాటి 6 మళ్లీ కలిసి 27. భుజానికి తొమ్మిదేసి!"