పిల్లలు కగావా వెళ్తుంటే ముందు అక్కడి నీళ్లు చూడండి

మా మేనకోడలికి జపాన్‌లోని కగావాలో ఉద్యోగం వచ్చిందనగానే ఇంట్లో అందరూ టోక్యో వీడియోలు పెట్టుకుని కూర్చున్నారు. దానికీ దీనికీ పోలికే లేదు. నేను విజయవాడ కాలువల మీద వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. ఏ కొత్త చోటైనా ముందు నీళ్లెక్కడివో చూస్తాను. మీరూ అలా చూడండి.

ఫోన్‌లో మ్యాప్ తెరిచి శాటిలైట్ వ్యూ పెట్టండి. షికోకు దీవికి ఈశాన్య మూలన ఉంటుంది కగావా. జపాన్‌లోని 47 ప్రిఫెక్చర్లలో (మన రాష్ట్రాల్లాంటి పాలనా విభాగాలు) ఇదే అతి చిన్నది. ఉత్తరాన సెతో సముద్రం, దక్షిణాన సనుకి కొండలు. వేసవి వానగాలిని షికోకు కొండలు, చలికాలపు గాలిని సముద్రం అవతలి చుగోకు కొండలు ఆపేస్తాయి. కురిసిన కాస్త వానా పొట్టి ఏర్లలో పడి సముద్రంలో కలిసిపోతుంది.

ఇప్పుడు మైదానం మీద జూమ్ చేయండి. ఎటు జరిపినా చెరువులే, 10 వేలకు పైనే. ఇక్కడ తీరిగ్గా ఆగండి. మన్నో చెరువు వెతకండి. 8వ శతాబ్దం మొదట్లో కట్టారు. కట్ట తెగితే 821లో ఆ ప్రాంతంలోనే పుట్టిన కూకాయ్ అనే బౌద్ధ సన్యాసి దగ్గరుండి బాగుచేయించాడు. ఇప్పుడు 1.54 కోట్ల ఘనపు మీటర్లు పడుతుంది, మన లెక్కలో అర టీఎంసీ పైచిలుకు. ప్రకాశం బ్యారేజీ 3 టీఎంసీల ముందు ఇదెంత అనకండి. బ్యారేజీకి పైన కృష్ణమ్మ ఉంది, దీనికి అంత నది ఎక్కడిది? జూన్ మధ్యలో నాట్లకు తూము ఎత్తే రోజు జనం చూడటానికి వస్తారట. మన దగ్గర కాలువకు నీళ్లొదిలితే ఫొటోలకు నాయకులు వస్తారు, అది వేరే సంగతి.

తర్వాత కొండ అవతలికి జరపండి. పక్క ప్రిఫెక్చర్ తోకుషిమాలో యోషినో నది కనిపిస్తుంది. ఇకెదా డ్యామ్ దగ్గర ఆ నీటిని మళ్లించి, కొండ కింద సుమారు 8 కిలోమీటర్ల సొరంగం తవ్వి 1970లలో కగావాకు తెచ్చారు.

తిండీ ఇందులోంచే వచ్చింది. వరికి నీళ్లు చాలని చోట గోధుమ పండించారు. తీరాన ఉప్పు, చిన్న ఎండుచేపలు, షోదోషిమా దీవిలో సోయా సాస్. అన్నీ కలిస్తే ఉడోన్, అంటే రసంలో వేసి తినే లావు గోధుమ నూడుల్స్. మీ పిల్లలు శాకాహారులైతే ముందే చెప్పండి, ఆ రసంలో మామూలుగా చేప ఉంటుంది.

ఎండాకాలంలో ఫోన్ చేస్తే యోషినో ఎగువన ఉన్న సమెఉరా డ్యామ్ మట్టం ఎంతుందో అడగండి. అది షికోకులోనే ఉన్న కోచి ప్రిఫెక్చర్‌లో ఉన్నా, కగావా కుళాయిలు దాని మీదే ఆధారపడ్డాయి. 1994 కరువులో కగావా రాజధాని టకమత్సు నగరానికి రోజుకు కొన్ని గంటలే నీళ్లిచ్చారు.