ఇంట్లో మసాజ్ గన్ - మూడో పాఠం: నడుము

మొదటి రెండు పాఠాల్లో మసాజ్ గన్‌తో, అంటే కండ మీద ఆనిస్తే గబగబా కంపించే చేతి మెషీన్‌తో, తొడ మీద, పిక్క మీద చెయ్యి కుదిరింది కదా, ఇప్పుడు నడుముకొద్దాం. మీలో చాలామంది మెషీన్ కొన్నదే దీనికోసమని తెలుసు. అయినా ఇంతవరకూ ఆపాను. తొడ ముందు భాగమంతా కండే, గన్ కొంచెం అటూ ఇటూ అయినా పెద్ద నష్టం లేదు. నడుము అలా కాదు. మధ్యలో వెన్నుపూసలు, పైన పక్కటెముకలు, ఆ చివరి ఎముకల లోపల మూత్రపిండాలు ఉంటాయి. పైగా మన చెయ్యి అక్కడికి సరిగ్గా అందదు, అందినా ఎక్కడ పెట్టామో కనబడదు. అందుకని ఈ పాఠానికి ఇంట్లో ఇంకొకరి సాయం కావాలి. గన్ పట్టేది వాళ్లే కాబట్టి ఈ పాఠం వాళ్లచేత కూడా చదివించండి.

మొదలుపెట్టే ముందు ఒక్కమాట. నొప్పి నడుము దగ్గర ఆగకుండా కాలిలోకి పాకుతున్నా, పాదం తిమ్మిరెక్కుతున్నా, కాలు పట్టు తప్పుతున్నా ఇది కండరాల బిగుతు కాకపోవచ్చు. గన్ పక్కన పెట్టి డాక్టర్ని కలవండి. మూత్రం ఆగకపోవడమో, అసలు రాకపోవడమో, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడమో ఉంటే మర్నాటిదాకా చూడకూడదు, ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లు, ఎముకలు గుల్లబారినవాళ్లు, గర్భిణులు, వెన్నుకి ఆపరేషన్ అయినవాళ్లు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, షుగర్ వల్ల స్పర్శ తగ్గినవాళ్లు డాక్టర్ సరేనంటేనే ఈ పాఠం చెయ్యాలి.

ఇక కండరాన్ని వెతుకుదాం. గన్ ఇంకా ఆన్ చెయ్యొద్దు. చాప మీద బోర్లా పడుకుని పొట్ట కింద పల్చటి దిండు పెట్టుకోండి. సాయం చేసేవాళ్లు రెండు అరచేతులూ నడుముకి రెండు పక్కలా, తుంటి ఎముకల పైఅంచు మీద ఆనించి, బొటనవేళ్లు మధ్యకి చాపాలి. అవి కలిసేచోటు సుమారుగా నాలుగో నడుము పూస. మధ్యలో వేలికి గట్టిగా తగిలే బొడిపెలు వెన్నుపూసలవే. వాటి మీద గన్ ఎప్పుడూ పెట్టకూడదు. అక్కడినుంచి రెండు వేళ్ల వెడల్పు పక్కకి జరిగితే పేనిన మోకులా నిలువుగా ఒక కండ తగులుతుంది. అదేనా కాదా అన్న అనుమానం వస్తే, పడుకున్నవాళ్లు తలా ఛాతీ కొద్దిగా పైకెత్తాలి. వేళ్ల కింద అది గట్టిపడితే సరైనచోటే దొరికిందన్నమాట. దానికి బయటివైపు, చివరి పక్కటెముకకీ తుంటికీ మధ్య మెత్తగా ఉండే డొక్క జోలికి పోవద్దు. మొదటిరోజు ఈ వెతుకులాట ఒక్కటే చేసినా పాఠం సగం వచ్చినట్టే.

బట్టల సంగతి. పల్చటి నూలు చొక్కా మీదనుంచే చెయ్యండి. నూనె రాయొద్దు, గన్ కొస జారిపోతుంది. మొలతాడు ఉంటే తీసెయ్యండి, లేదా బాగా కిందికి జరపండి. దాని ముడి, తాయెత్తు గన్ కింద పడితే చర్మం కందిపోతుంది. జడ ముడి వేసుకోండి, చున్నీ పక్కన పెట్టండి.

గన్ కొసకి మెత్తటి బంతిలాంటి తల తగిలించి, అన్నిటికన్నా తక్కువ స్పీడ్‌లో ఉంచండి. తుంటి ఎముకకి కాస్త పైన, ఇందాక దొరికిన కండ మీద నిటారుగా ఆనించి మెల్లగా పైకి జరపాలి. చివరి పక్కటెముక తగిలేలోపే ఆగి వెనక్కి రావాలి. జానెడు దూరానికి పది సెకన్లు పట్టాలి. చూసేవాళ్లకి మరీ నత్తనడకలా అనిపించినా అదే సరైన వేగం. ఒక్కో పక్కకి రెండు నిమిషాలు మించొద్దు. ఎక్కడైనా ముడిలా తగిలితే అక్కడ పదిహేను ఇరవై సెకన్లు నిలిపి ముందుకి పోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం నొక్కకపోవడం. మన ఇళ్లలో ఒళ్లు నొప్పులంటే పిల్లల్ని వీపు మీద తొక్కమంటాం, "గట్టిగా నొక్కరా" అంటాం. ఆ అలవాటుతో గన్ పట్టుకుంటే చేతులు వాటంతటవే బరువేస్తాయి. గన్ సొంత బరువు చాలు. కండరంలో సాగుడుని కనిపెట్టే నాడీతంతువులుంటాయి. గట్టి కంపనం తగిలితే అవి రెచ్చి కండరాన్ని ఇంకా బిగదీస్తాయి. సడలించబోయి బిగించినట్టవుతుంది. పదికి మూడు నాలుగు పాళ్ల నొప్పి దాటకూడదు. అంతకన్నా నమ్మకమైన గుర్తు ఊపిరి. పడుకున్నవాళ్లు ఊపిరి బిగబట్టారంటే, నోటితో బాగానే ఉందన్నా సరే, గన్ పైకెత్తెయ్యండి.

చేసిన వెంటనే హాయిగా ఉండటానికి కారణముంది. స్పర్శ, కంపనం తెలిపే సంకేతాలు వెన్నుపాములో నొప్పి సంకేతాల దారిని కొంత మూస్తాయని 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. దెబ్బ తగిలినచోట మనకి తెలియకుండానే రుద్దుకునేది అందుకే. కానీ ఆ హాయి ఎక్కువసేపు ఉండదు. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో చేసి 2020లో ప్రచురించిన ఒక అధ్యయనంలో పిక్కల మీద అయిదు నిమిషాలు గన్ వాడితే చీలమండ వంగే మేర సుమారు అయిదు డిగ్రీలు పెరిగింది, కండర బలం మారలేదు. అది పిక్క సంగతి, అదీ వాడిన వెంటనే చూసింది. నడుముకీ కాస్త సడలింపు దొరికితే ఆ కాసేపట్లోనే పని జరగాలి. గన్ ఆపగానే లేచి కూర్చోకండి. వెల్లకిలా తిరిగి మోకాళ్లు ఒకటొకటిగా పొట్టకేసి తెచ్చుకోండి. తర్వాత చేతులూ మోకాళ్లూ నేలకానించి, నడుముని పైకీ కిందికీ నెమ్మదిగా ఎనిమిది పదిసార్లు వంచండి. ఆపైన అయిదు నిమిషాలు ఇంట్లోనే నడవండి. గన్ వాడి వెంటనే కుర్చీలో కూలబడితే చేసిందంతా వృథా.

ఇంట్లో సాయానికి ఎవరూ లేకపోతే చెయ్యి వెనక్కి మెలితిప్పి గన్ ఆడించవద్దు, భుజం పట్టేస్తుంది. ఒక పక్కకి తిరిగి పడుకుని పైకున్న పిర్ర మీద పెట్టండి, చెయ్యి హాయిగా అందుతుంది. పిర్రలో సూది వేసే చోటుంది చూడండి, పైభాగంలో బయటివైపు, అక్కడే. మధ్యలోకీ కిందికీ వస్తే కాలికి వెళ్లే పెద్ద నరం ఉంటుంది. రోజంతా కుట్టు మిషను ముందో కంప్యూటర్ ముందో కూర్చునేవాళ్లకి చాలాసార్లు ఈ పిర్ర కండ సడలితేనే నడుము తేలికపడుతుంది.

మర్నాడు కాస్త సలుపు ఉంటే ఫరవాలేదు. కమిలిన మచ్చ కనబడితే ఒత్తిడి ఎక్కువైందని అర్థం, అది పూర్తిగా తగ్గేదాకా ఆపండి. ఒళ్లంతా నొప్పులతో మూత్రం డికాషన్ రంగులో వస్తే కండరం దెబ్బతిన్న గుర్తు కావచ్చు, ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్లండి.

వచ్చే పాఠందాకా రోజు విడిచి రోజు చెయ్యండి. ప్రతిసారీ గన్ వాడకముందూ, వాడాకా మోకాళ్లు వంచకుండా ముందుకి వంగి, వేలికొసలకీ నేలకీ మధ్య ఎన్ని అంగుళాలుందో నోట్‌బుక్‌లో రాసుకోండి. వంగుతుంటే కాలిలోకి నొప్పి దిగినవాళ్లు ఈ కొలత మానెయ్యాలి. నాలుగో పాఠంలో మూపు, భుజం రెక్కల మధ్య భాగం చూద్దాం. దానికి ఒక టెన్నిస్ బంతి తెచ్చిపెట్టుకోండి.