చిన్న మెషిన్ షాపులో ఏ పరిశోధన ముందు, ఏది తర్వాత? తేల్చుకోవడం ఎలా?

బాలానగర్‌లోనో, చర్లపల్లిలోనో, విశాఖ ఆటోనగర్‌లోనో పాతిక ముప్పై మందితో సీఎన్‌సీ షాపు, అంటే కంప్యూటర్ నడిపే మెషిన్ల మీద లోహాన్ని కోసే షాపు, నడుపుతున్నారనుకోండి. ఏ ఎగ్జిబిషన్‌కి వెళ్లినా 3డి ప్రింటింగ్ అంటారు, ఏఐ అంటారు, డిజిటల్ ట్విన్ (మెషిన్‌కి కంప్యూటర్లో నకలు) అంటారు. రోబో చెయ్యి ఊపుతుంటే వీడియో తీసుకుని ఇంటికొస్తాం. కొత్తదానికని ఏడాదిలో మిగిల్చిన నాలుగు డబ్బులు దేని మీద పెట్టాలో తేలక, చివరికి పక్కవాడు ఏం కొన్నాడో చూసి అదే కొంటాం. నేను పనిచేసిన ఒక షాపులో ఇలాగే లోహపు ముక్కలు చేసే 3డి ప్రింటర్ కొన్నారు. మెషిన్ ధర లెక్కేశారు గానీ పౌడర్, ఆర్గాన్ గ్యాస్, ప్రింటయ్యాక హీట్ ట్రీట్‌మెంట్, ప్లేటు నుంచి ముక్కను కోయడానికి వైర్‌కట్ (కరెంటు తీగతో కోసే మెషిన్), ఇవేవీ ఆ లెక్కలో లేవు. ఆరు నెలలకి దాని మీద కవరు కప్పారు. ఆ కవరు మీద మేం టిఫిన్ డబ్బాలు పెట్టుకునేవాళ్లం.

అందుకే టెక్నాలజీ పేరుతో మొదలుపెట్టొద్దు.

1. ముందు తుక్కు డబ్బా చూడండి

ఒక నెల పాటు రిజెక్ట్ అయిన ప్రతి జాబునీ, అంటే మెషిన్ మీద చేసిన ప్రతి ముక్కనీ, ఒక రిజిస్టర్‌లో రాయించండి. జాబ్ నంబరు, ఏ ఆపరేషన్‌లో పోయింది, ఎందుకు పోయిందని ఆపరేటర్ అనుకుంటున్నాడు. ఈ మూడో గడే అసలైనది. తిట్టడానికి కాదు, తెలుసుకోవడానికే అని అందరికీ ముందే చెప్పండి, లేకపోతే పాడైన జాబులు డబ్బాలోకి రావు, కాంపౌండ్ గోడ వెనక్కి వెళ్తాయి. రీవర్క్‌కి పోయిన గంటలు, విరిగిన టూల్స్ కూడా రాయండి. ఇంకోటి చాలామంది మర్చిపోతారు: ‘ఇది మావల్ల కాదండీ’ అని మీరు వెనక్కి పంపిన ఎంక్వైరీలు. తుక్కు డబ్బా నిన్నటి నష్టం చెబుతుంది, ఆ ఫైలు రేపటి పని చెబుతుంది.

2. ఫిర్యాదును ప్రశ్నగా మార్చండి

‘టైటానియం జాబుల్లో రిజెక్షన్ ఎక్కువ’ అంటే అది ఫిర్యాదు మాత్రమే. దగ్గరికెళ్లి చూడాలి. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో ప్రత్యేక లోహాలు చేసే ప్రభుత్వ సంస్థ మిధానిలో తయారైన టైటానియం మెటీరియల్‌ని ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం గోడ ఉన్న బ్రాకెట్‌గా మిల్లింగ్ చేస్తున్నారనుకుందాం. మెషిన్ మీద ఉన్నంతసేపూ కొలతలు బాగానే ఉంటాయి, క్లాంపు విప్పగానే గోడ వంగిపోతుంది. ఎందుకు? టైటానియం మిశ్రమలోహం వేడిని అల్యూమినియంతో పోలిస్తే సుమారు ఇరవయ్యో వంతే లాగుతుంది. దాంతో వేడంతా టూల్ మొన దగ్గరే ఆగిపోయి ఇన్సర్ట్ (టూల్‌కి బిగించే కోత ముక్క) త్వరగా అరుగుతుంది, అరిగిన ఇన్సర్ట్ కోయడం మానేసి నెట్టడం మొదలుపెడుతుంది. పైగా టైటానియం బిగువు, అంటే నెట్టినా వంగకుండా నిలిచే గుణం, స్టీలులో సగానికి కాస్త ఎక్కువ, అంతే. నెడితే గోడ పక్కకి జరుగుతుంది, టూల్ దాటిపోయాక మళ్లీ వెనక్కొస్తుంది. ఇవి కాక, మెటీరియల్‌లోనే దాగున్న ఒత్తిళ్లు ఒకవైపు లోహం తీసేయగానే బయటపడతాయి.

ఇంత చూశాక ప్రశ్న ఇలా రాయొచ్చు: ‘క్లాంపు విప్పాక వంపు 50 మైక్రాన్లు (మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు) దాటకుండా ఉండాలంటే, గోడకి రెండు వైపులా ఎంతెంత చొప్పున మార్చి మార్చి తీయాలి?’ జవాబు దొరికిందో లేదో డయల్ గేజీయే చెప్పేస్తుంది, మీటింగ్ అక్కర్లేదు.

3. మూడు కుప్పలు చేయండి

ఇలాంటి ప్రశ్నలు పది పదిహేను వస్తాయి. టూల్ కంపెనీ కేటలాగులో జవాబున్నది కొనుగోలు, దానికి వాళ్ల ఇంజనీరుకి ఒక ఫోను చాలు. కుర్రాళ్లకి నేర్పిస్తే తీరేది ట్రైనింగ్. 1968 నుంచి నడుస్తున్న సీఐటీడీ, టూల్ డిజైన్ నేర్పే కేంద్ర సంస్థ, బాలానగర్‌లోనే ఉంది. ఈ రెండూ తీసేయగా మిగిలినదే పరిశోధన. నా అనుభవంలో సగానికి పైగా ప్రశ్నలు ఇక్కడే రాలిపోతాయి.

4. ఏ మెట్టు మీద ఉందో చూసుకోండి

టీఆర్‌ఎల్ (టెక్నాలజీ రెడీనెస్ లెవెల్, ఒక టెక్నాలజీ ఎంతవరకు పండిందో చెప్పేది) అని నాసాలో 1970లలో పుట్టిన కొలబద్ద ఉంది. ఇప్పుడు దానికి 9 మెట్లు. ఒకటో మెట్టు మీద సూత్రం మాత్రమే ఉంటుంది, తొమ్మిదో మెట్టుకొచ్చేసరికి వస్తువు అసలైన వాడకంలో నెగ్గి ఉంటుంది. తయారీకి ఇలాంటిదే 10 మెట్లతో ఎంఆర్‌ఎల్ (మాన్యుఫాక్చరింగ్ రెడీనెస్ లెవెల్) ఉంది, అమెరికా రక్షణ శాఖ వాడుతుంది. ఒక ముక్క చేసి చూపించడం గొప్ప కాదు, అదే ముక్క ప్రతి నెలా అదే కొలతతో, అదే ధరకి ఇవ్వగలవా అన్నది దాని గోల. చాలా ఆలోచనలు టీఆర్‌ఎల్‌లో 4కీ 7కీ మధ్య చచ్చిపోతాయి. కాలేజీ వాళ్లు ‘పరిశోధన పేపర్ వచ్చేసింది, మా పనైపోయింది’ అంటారు, కంపెనీ వాళ్లు ‘ఇంకా పండలేదు’ అంటారు. చిన్న షాపుకి చోటు ఆ మధ్యలోనే ఉంది. 1, 2, 3 మెట్ల జోలికి మాత్రం వెళ్లకండి.

ఈ మధ్య ఖాళీని పూడ్చడానికే అమెరికాలో 2012లో ఒహాయో రాష్ట్రం యంగ్‌స్టౌన్‌లో, ఒకప్పటి ఫర్నిచర్ గోదాములో, ‘అమెరికా మేక్స్’ అనే 3డి ప్రింటింగ్ సంస్థ పెట్టారు. వాళ్ల రోడ్‌మ్యాప్‌లో డిజైన్, మెటీరియల్, ప్రాసెస్ ఇలా వరుసలుంటాయి. మీ ప్రశ్నల్ని కూడా అలా వరుసల్లో పెట్టి చూడండి. అన్నీ ప్రాసెస్ వరుసలోనే పడితే, మెటీరియల్ గురించి ఎవరూ ఆలోచించట్లేదని అర్థం.

5. మార్కులు వేయండి, ఓనర్ ఆఖర్న

నాలుగు విషయాలకి తలా 5 మార్కులు: ఎంత నష్టం తప్పుతుంది, ఎంతమంది కస్టమర్లకి పనికొస్తుంది, ఉన్న మెషిన్ల మీద ప్రయత్నించగలమా, ఏడాదిలో తేలుతుందా. ఎవరికి వాళ్లు కాగితం మీద వేయాలి. ఓనర్ ముందు నోరు విప్పితే మిగతావాళ్ల మార్కులన్నీ ఆయన మార్కులే అవుతాయి. ఒకే ప్రశ్నకి ఫోర్‌మన్ 5 వేసి, అకౌంట్స్ ఆయన 1 వేశాడంటే టీ తెప్పించి అక్కడే కూర్చోండి, అసలు చర్చ అది.

ఫ్యాషన్ పేర్లు ఇక్కడే బయటపడతాయి. హైదరాబాద్‌లో రాకెట్లు చేసే స్కైరూట్ కంపెనీ వాళ్లు రాకెట్ ఇంజిన్లకి 3డి ప్రింటింగ్ వాడారంటే అర్థం ఉంది: కావాల్సినవి కొద్ది ముక్కలు, లోపల టూల్ దూరలేని దారులు. మీరు నెలకి రెండు వేల బుష్‌లు టర్నింగ్ చేస్తుంటే ఆ లెక్క మీకు పనికిరాదు.

ఎక్కువ మార్కులొచ్చిన రెండే తీసుకోండి. మూడు వద్దు. డబ్బుల వల్ల కాదు, మూడూ చివరికి మీ షాపులో ఉన్న ఆ ఒక్క సీనియర్ సెట్టర్ (మెషిన్‌ని పనికి సిద్ధం చేసేవాడు) నెత్తి మీదే పడతాయి, ఆయనకి రోజూ డిస్పాచ్ టెన్షన్ ఎటూ ఉంటుంది. వారంలో ఆయనకి ఒక పూట, ఒక మెషిన్ ఖాళీగా రాసివ్వలేకపోతే ఆ రెండు కూడా మొదలుపెట్టకండి.

6. తోడు వెతుక్కోండి

పౌడర్లు, కోటింగ్‌లైతే హైదరాబాద్ బాలాపూర్‌లోని ప్రభుత్వ పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ, ప్రోటోటైప్ (మొదటి నమూనా) చేసుకోవాలంటే 2023లో రాయదుర్గంలో తెరిచిన టీ-వర్క్స్, వైద్య పరికరాలైతే విశాఖ మెడ్‌టెక్ జోన్. చెయ్యి ఊపుకుంటూ వెళ్లకండి. వంగిన జాబు, డ్రాయింగ్, నెల రోజుల రిజిస్టర్ పట్టుకెళ్లండి. కనిపెట్టింది ఎవరి పేరు మీద ఉంటుందో పని మొదలవకముందే కాగితం మీద పెట్టుకోవాలి.

7. ఆపే తేదీ మొదటి రోజే రాయండి

‘ఆరో నెల ఆఖరికి వంపు 50 మైక్రాన్ల లోపుకి రాకపోతే ఆపేస్తాం’ అని రాసి అందరూ సంతకం పెట్టండి. అప్పటికి డబ్బూ మనసూ పెట్టేసి ఉంటాం కాబట్టి, ‘ఇంకొక్క నెల’ అనకుండా ఆపేది ఆ సంతకమే. పక్కన పెట్టిన మిగతా ప్రశ్నల కాగితాన్ని మాత్రం పారేయొద్దు, వెనక్కి పంపిన ఎంక్వైరీల ఫైలులోనే పెట్టండి. అదే కస్టమర్ అదే డ్రాయింగ్ పట్టుకుని మళ్లీ వచ్చిన రోజు వెతుక్కునేది ఆ ఫైలులోనే.