రంజాన్ సీజన్‌లో దుబాయ్‌కి సరుకు పంపుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2027లో ఫిబ్రవరి 8 ప్రాంతంలో మొదలవుతుంది. దుబాయ్ వ్యాపారులు బియ్యం, పప్పులు, మసాలాలు రెండు మూడు నెలల ముందే నింపుకుంటారు కాబట్టి, ఆర్డర్ల హడావుడంతా నవంబరు, డిసెంబరుల్లోనే. అక్కడ టూరిస్టుల రద్దీ కూడా అప్పుడే. ఎగుమతుల్లోకి కొత్తగా దిగినవాళ్లు ఎక్కువగా దెబ్బతినేదీ ఇలాంటి హడావుడిలోనే.

అవకాశం మాత్రం నిజమైనదే. భారత్, యూఏఈ మధ్య సెపా అనే వాణిజ్య ఒప్పందం 2022 మే 1 నుంచి అమల్లో ఉంది. మామూలుగా 5 శాతం సుంకం పడే సరుకుల్లో చాలావాటికి ఇప్పుడు అది లేదు. సోనా మసూరి, పచ్చళ్లు, పసుపు, ఎండుమిర్చి, వేసవిలో బంగినపల్లి: వీటికి అక్కడున్న మనవాళ్లే ఖాయమైన గిరాకీ. పైగా జెబెల్ అలీ రేవులో దిగిన సరుకులో కొంత ఆఫ్రికా దేశాలకు కూడా వెళ్తుంది. అయితే సుంకం రాయితీ దానంతట అది రాదు. కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం డీజీఎఫ్‌టీ పోర్టల్‌లో తీసుకునే ఆరిజిన్ సర్టిఫికెట్ (సరుకు భారత్‌దేనని చెప్పే పత్రం) ఉండాలి. అందులోని హెచ్‌ఎస్ కోడ్ (కస్టమ్స్‌లో సరుకు రకాన్ని చెప్పే నంబరు), ఇన్‌వాయిస్‌లోని కోడ్ ఒకటే కావాలి.

అసలు ప్రమాదం డబ్బు దగ్గర. మోసం దాదాపు ఎప్పుడూ ఒకే తీరులో నడుస్తుంది. మొదటి ఆర్డర్ చిన్నది, డబ్బు వెంటనే వచ్చేస్తుంది. రెండోది ఇంకాస్త పెద్దది, అదీ టైముకే. రంజాన్ ముందు మూడోది వస్తుంది, ఏకంగా రెండు మూడు కంటైనర్లు. "ఈసారికి అరవై రోజులు ఆగండి, సెక్యూరిటీ చెక్ ఇస్తాం" అంటారు. సరుకు చేరాక ఆఫీసుకు తాళం, ఫోన్లు బంద్. ఆ చెక్కుతో ఇక్కడ కూర్చుని మీరు చేయగలిగింది పెద్దగా ఏమీ ఉండదు. కోర్టుకెక్కాలంటే అక్కడి వకీలు, అరబిక్ అనువాదాలు, నెలల తరబడి తిరుగుడు.

అందుకే మొదటి ఏడాది అడ్వాన్స్, లేదంటే పేరున్న బ్యాంకు ఇచ్చే ఎట్ సైట్ ఎల్‌సీ, అంటే పత్రాలు సరిగ్గా ఉంటే చూసిన వెంటనే డబ్బు ఇస్తానని బ్యాంకు రాసిచ్చే హామీ. బాకీ పెట్టక తప్పదనుకుంటే ముందు ఎగుమతి బాకీలకు బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఈసీజీసీ దగ్గర ఆ కొనుగోలుదారు మీద క్రెడిట్ లిమిట్ (ఎంత బాకీ దాకా బీమా ఇస్తారో) అడగండి. వాళ్లు లిమిట్ ఇవ్వకపోతే అదే మీకు జవాబు. ట్రేడ్ లైసెన్స్ నంబరును యూఏఈ నేషనల్ ఎకనామిక్ రిజిస్టర్ సైట్‌లో చూడండి. కానీ లైసెన్స్ ఉన్నంత మాత్రాన డబ్బున్నట్టు కాదు. ఫ్రీ జోన్‌లో (కంపెనీలకు ప్రత్యేక సడలింపులున్న ప్రాంతం) చిన్న డెస్కు అద్దెకు తీసుకుని కూడా కంపెనీ పెట్టొచ్చు. గోడౌన్ ఎక్కడుందో, సరుకు ఏ షాపులకు వేస్తారో అక్కడున్న మీ మనిషిని పంపి చూడమనండి.

ఓడలో ఎక్కించిన సరుకుకు షిప్పింగ్ కంపెనీ ఇచ్చే పత్రం, బిల్ ఆఫ్ లేడింగ్, మీ ఆఖరి పట్టు. అక్కడ సరుకు విడిపించుకోవాలంటే అది కావాలి. డబ్బు పడకముందే "టెలెక్స్ రిలీజ్ ఇచ్చేయండి, డెమరేజ్ పడుతోంది" అని ఒత్తిడి చేస్తారు. అంటే రేవులో ఆలస్యానికి జరిమానా పడుతోంది, అసలు పత్రం లేకుండానే సరుకు వదలమని చెప్పండి అని. టెన్షన్ పడి ఇచ్చేయకండి. ఎఫ్‌ఓబీ మీద, అంటే ఓడ కిరాయి కొనుగోలుదారే కట్టే పద్ధతిలో, అతను చెప్పిన ఫార్వర్డర్‌కే (సరుకు రవాణా ఏజెంటు) సరుకు అప్పజెబితే ఆ పట్టు సగం పోయినట్టే. కాస్త ఖర్చయినా ఓడ మీరే బుక్ చేసుకోవడం నయం.

డబ్బు ఎగ్గొట్టినవాణ్ణి వాట్సాప్‌లో తిట్టాలనిపిస్తుంది. తిట్టకండి. ఆన్‌లైన్‌లో దూషించడం యూఏఈ చట్టంలో నేరం. మీరు దుబాయ్‌లో దిగిన రోజు కేసు మీ మీదే ఉండొచ్చు.

సరుకు విషయానికొస్తే, గుంటూరు యార్డుకు కొత్త మిర్చి జోరుగా వచ్చేది ఫిబ్రవరి, మార్చిల్లో. కాబట్టి రంజాన్ ఆర్డర్‌కు వెళ్లేది ఎక్కువగా కోల్డ్ స్టోరేజీ సరుకే. రంగు తగ్గి ఉంటుంది. ఆ సంగతి ముందే చెప్పి, పంపబోయే లాట్ నుంచే శాంపిల్ పంపండి. అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం), పురుగుమందుల అవశేషాల పరీక్ష ఇక్కడే చేయించండి. స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్ లేకుండా మసాలా దినుసులు పంపలేరు. ప్యాకెట్ మీద అరబిక్ లేబుల్, తయారీ తేదీ, గడువు తేదీ తప్పనిసరి.

మరొకటి, గసగసాలు. యూఏఈలో అవి నిషిద్ధం. మీ గరం మసాలాలో ఉంటే ఆ రకం పంపొద్దు. దుబాయ్‌లో జరిగే ఆహార సరుకుల ప్రదర్శన గల్‌ఫుడ్‌కు వెళ్తూ శాంపిళ్ల బ్యాగులోనో, చుట్టాల కోసం కట్టిన వంట సామానులోనో కూడా వేసుకోవద్దు. కోడీన్, ట్రమడాల్ ఉన్న మందులకూ ముందస్తు అనుమతి కావాలి.

మామిడి పండ్లను చాలామంది కమీషన్ పద్ధతిలో, అంటే అక్కడ అమ్ముడైన ధరలో కమీషన్ పోగా మిగిలింది తీసుకునేలా, పంపుతారు. అక్కడ ధర పడిపోయినా, పండు మెత్తబడినా నష్టం మొత్తం మీదే. కనీస ధర రాయించుకోకపోతే నా దృష్టిలో అది వ్యాపారం కాదు, జూదం.

ఇక టూర్లు నడిపేవాళ్లకు. నవంబరు నుంచి మార్చి దాకా గిరాకీ బాగుంటుంది, హోటల్ రేట్లూ అలాగే ఉంటాయి. డబ్బు కట్టించుకునే ముందు ప్రతి ఒక్కరి పాస్‌పోర్టు చూడండి. ఇంటిపేరు గడిగానీ, పేరు గడిగానీ ఖాళీగా ఉంటే విజిట్ వీసాతో వెళ్లేటప్పుడు ఇబ్బంది. 2022 నవంబరులో తెచ్చిన ఈ నిబంధన ఒకే పేరున్న మన పెద్దవాళ్లకు బాగా తగులుతుంది. రిటర్న్ టికెట్, హోటల్ బుకింగ్ కాగితాలు వీసా దరఖాస్తుకే సిద్ధంగా ఉంచండి. వీసా తిరస్కరిస్తే ఎంత వెనక్కిస్తారో రసీదు మీదే రాయండి. దుబాయ్ హోటళ్లు గదికి రాత్రికి 7 నుంచి 20 దిర్హమ్‌ల టూరిజం ఫీజు విడిగా వసూలు చేస్తాయి. అది ప్యాకేజీలో ఉందో లేదో ముందే చెప్పకపోతే రిసెప్షన్ దగ్గర గొడవ మీతోనే. ఎడారి సఫారీలో గర్భిణులను, నడుం నొప్పి ఉన్నవాళ్లను ఇసుక దిబ్బల మీద జీపు ఎక్కించకండి. దిబ్బలు ఎక్కకుండా ఎడారి క్యాంపుకు నేరుగా వెళ్లే బండి ఉందా అని బుకింగ్ రోజే అడగండి.