వైరసులు, కణత్వచాలు: అనంతపురం విద్యార్థి పరిశోధనకు సిద్ధపడే విధం

వైరసులపై పరిశోధన చేయదలచిన అనంతపురం విద్యార్థి ముందుగా వేరుశనగ చేనును గమనించడం మేలు. 2000 ఖరీఫ్‌లో ఈ జిల్లాను దెబ్బతీసిన కాండం కుళ్ళు తెగులు వైరసుకు కొవ్వుపొర ఉండదు. మొవ్వుకుళ్ళు వైరసుకు ఉంటుంది. ఈ తేడాను పట్టుకొని ప్రశ్నలు వేయడమే ఈ రంగంలోకి సరైన దారి అని నా నమ్మకం.

శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనో, కడప యోగి వేమనలోనో ఎమ్మెస్సీ చేస్తూ సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షకు చదవండి; అందులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) అర్హత వస్తే పీహెచ్‌డీకి ఫెలోషిప్ అందుతుంది.

అన్నిటికంటే ముఖ్యంగా, త్వచాల కలయికను, అంటే వైరసు కొవ్వుపొర కణపు పొరతో ఏకమవడాన్ని, కొలిచే ప్రయోగం చేతికి అలవడాలి. ఇన్‌ఫ్లుయెంజా వైరసు పొరలో మెరిసే రంగును, దాని వెలుగు అణగిపోయేంత దట్టంగా చేర్చి, లైపోజోములతో (కృత్రిమ కొవ్వు బుడగలతో) కలిపి, పీహెచ్‌ను 5 దగ్గరికి దించితే, అంటే ఆమ్లత పెంచితే, వైరసు పైనున్న హీమగ్లుటినిన్ ప్రోటీను రూపం మార్చుకొని రెండు పొరలనూ ఏకం చేస్తుంది. రంగు పలచబడి వెలుగు పెరుగుతుంది. పీహెచ్ 7 వద్ద, అంటే కలయిక జరగని తటస్థ స్థితిలో, పోలిక నమూనా లేకుండా ఆ ఫలితాన్ని నమోదు చేయవద్దు.