ఊలు పిచ్చుక – మూడో పాఠం: ముందు ఊడిపోయిన బంతుల సంగతి

ఈ వారం ముక్కూ తోకా పెట్టేసి పిచ్చుకని కూర్చోబెట్టేద్దామనుకున్నాను. కుదరదు. పోయిన పాఠం చూసి పిచ్చుక తలకీ ఒంటికీ మీరు చేసిన పాంపాంల (అర్ధచక్రాల అట్టలకి ఊలు చుట్టి, అంచున కత్తిరించి, నడుమ దారంతో బిగించి చేసే బంతుల) ఫోటోలు చూశాక ఆ ధైర్యం పోయింది. ముద్దబంతిలా ఉండాల్సినవి రేకబంతిలా వాడిపోయి ఉన్నాయి. ఒకావిడ ఫోటోలో అయితే అసలు పాంపామే లేదు. పళ్లెం నిండా ఊలు ముక్కలు, పక్కన ఖాళీ ముడి. ఆ ముడిని కూడా ఫోటో తీసినందుకు ఆవిడకి దణ్ణం. రోగమంతా అందులోనే కనిపించింది.

ముడి వేసింది అదే ఊలుతో!

ఊలుతో ముడి వేయకండి. పోయినసారి ‘గట్టి దారంతో కట్టండి’ అన్నాను, ఊలు గట్టిది కాదని మీకే తెలుస్తుందనుకున్నాను. మనకి షాపుల్లో దొరికేది ఎక్కువగా అక్రిలిక్ ఊలు, అది సాగుతుంది. లాగుతుంటే ముడి బిగుస్తోందని మీరనుకుంటారు, కానీ అక్కడ ఊలు సాగుతోందంతే. చెయ్యి వదలగానే మళ్లీ మొదటికొస్తుంది. ఇంకాస్త బలంగా లాగితే పుటుక్కున తెగుతుంది. తెగుతుందేమోనన్న భయంతో మెత్తగా కడతారు. మెత్తగా కట్టిన పాంపాం రెండో రోజుకి జుట్టు రాలుస్తుంది.

ఏ దారం మరి? ఎంబ్రాయిడరీ దారమైతే ఆరు పోగులూ విడదీయకుండా వాడండి. చెప్పులు కుట్టే మైనం దారం ఇంకా మంచిది. నేను మాత్రం పూలు కట్టే దారాన్ని నాలుగు వరసలు చేసి, కొవ్వొత్తి మీద రెండుసార్లు రుద్ది వాడతాను. ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది, మైనం వల్ల ముడి జారదు. గాలపు నైలాన్ జోలికి పోవద్దు, తెగదు గానీ ముడి నిలవదు. కుట్టుమిషను దారం ఒంటిపోగు వాడితే వేలు కోసుకుంటుంది, ఊలు మాత్రం వదులుగానే ఉంటుంది.

దారం సరే, ముడి వేసే తీరు ఇంకో తంటా. మామూలు ముడిలో మొదటి మెలిక వేసి, రెండోది వేసేలోపు మొదటిది వదులవుతుంది. అందుకని మొదటి మెలికలోనే కొసని రెండుసార్లు దూర్చండి. అప్పుడు లాగి వదిలేసినా అది ఉన్నచోటే ఉంటుంది. తాపీగా రెండో మెలిక వేసుకోవచ్చు. ‘వేలు పెట్టవే’ అని పిల్లల్ని పిలవక్కర్లేదు. తర్వాత బంతిని తిప్పి, అవే కొసలు అవతలి వైపుకి తెచ్చి అక్కడ ఇంకో ముడి. బియ్యం బస్తా మూతి కట్టేవాళ్లు ఒక చుట్టుతో వదిలేస్తారా?

ఇంకో మాట. అట్టలు తీసేశాక బిగిద్దామనుకున్నవాళ్లు నలుగురు కనిపించారు. అట్టలు ఉండగానే, రెండు అట్టల మధ్య సందులో దారం దూర్చి బిగించాలి. తీసేశాక బిగించడానికి అక్కడేమీ మిగలదు.

ముడి సరిగ్గా పడిందో లేదో చూడాలంటే ఒక్క పోగు పట్టుకుని బంతి మొత్తాన్ని పైకెత్తండి. పోగు చేతిలోకొస్తే విప్పదీసి మళ్లీ కట్టాలి. బతిమాలి జిగురు పోయకండి, దయచేసి. జిగురు పోసిన పాంపాం గట్టిపడి పేడ పిడకలా తయారవుతుంది.

ముడి కొసలు కత్తిరించేసినవాళ్లకి క్షమాపణ. అది నా తప్పే, ఉంచమని రాయలేదు. ఒక్కో కొస జానెడు ఉంచండి, తలని ఒంటికి కట్టేది వాటితోనే.

ఇక ఈ పాఠానికి నేననుకున్న అసలు విషయం, రంగులు.

మనం చేస్తున్నది మగపిచ్చుక. నడినెత్తి బూడిద రంగు, దానికి అటూ ఇటూ ఇటుక రంగు, చెంపలు తెల్లన, గొంతు కింద నల్లటి గడ్డం. ఇవన్నీ ఒకే బంతిలో ఎలా వస్తాయంటారా? అర్ధచక్రాల అట్టలు రెండు జతలు చేసుకున్నారుగా. ఒక జత నెత్తి, ఇంకో జత గడ్డం. అట్టకి తగిలేలా మొదట చుట్టిన రంగు మధ్య గీతలో కనిపిస్తుంది. దాని మీద చుట్టినది రెండు పక్కలకీ, అంటే చెంపల వైపు పోతుంది. ఈ ఒక్క సంగతి పట్టుబడితే ఏ పిట్టనైనా మీరే చేసుకోవచ్చు.

తలకి 5 సెంటీమీటర్ల చక్రం, నడిమి రంధ్రం 2 సెంటీమీటర్లు. నెత్తి జతకి ముందు బూడిద రంగు 40 చుట్లు ఈ చివర నుంచి ఆ చివరకి, దాని మీద ఇటుక రంగు 60. గడ్డం జతకి ముక్కు వచ్చే వైపు మూడో వంతులో మాత్రమే నలుపు 15 చుట్లు, ఆపైన మొత్తం తెలుపు 80. రెండూ కలిపి కత్తిరించి విప్పినప్పుడు మొహం కనిపించదు, కంగారు పడొద్దు. కత్తెరతో గుండ్రంగా సవరించుకుంటూ పోతే పిచ్చుక బయటికొస్తుంది. సవరించడానికే నాకు అరగంట పడుతుంది. సగం ఊలు చెత్తలోకి పోతుంది, పోనివ్వండి.

ఒంటికి 7 సెంటీమీటర్ల చక్రం. కింది జతంతా మాసిన తెలుపు. పై జతకి ఇటుక రంగు, నలుపు రెండు పోగులూ కలిపి ఒకేసారి చుట్టండి, రెక్కల మీది చారలు వాటంతటవే వస్తాయి.

అతకడం: తల కొసల్ని ఒక్కొక్కటిగా దబ్బనానికి ఎక్కించి, ఒంటి బంతి ముడికి చెరో పక్క నుంచీ దూర్చి, పొట్ట కింద తీసి ముడివేయండి. కళ్లకి ఫ్యాన్సీ షాపులో విడిగా దొరికే నల్లపూసలు రెండు. మా అత్తగారి దండలోంచి తీయబోయి తిట్లు తిన్నాను. ముక్కు, తోక, కాళ్లు వచ్చే పాఠంలో. నిజం పిచ్చుక ముక్కు నుంచి తోక దాకా సుమారు 16 సెంటీమీటర్లు, మనదీ అంతే రావాలి. తోకకి నాలుగు సెంటీమీటర్లు వదిలిపెట్టుకోండి.

అభ్యాసం: ఐదు తలలు. ఒకటి కాదు, ఐదు. మూడు మగవి, రెండు ఆడవి. ఆడపిచ్చుకకి నల్ల గడ్డం ఉండదు, బూడిద నెత్తీ ఉండదు. పైన మట్టి రంగు, కింద మాసిన తెలుపు, అంతే. ఐదింటినీ ఒక్కో పోగు పట్టుకుని ఎత్తి చూడండి. మార్చి 20 పిచ్చుకల రోజుకి గుమ్మానికి వరికంకుల కుచ్చు కట్టే అలవాటున్నవాళ్లు ఆ పక్కనే వీటినీ వేలాడదీసుకోవచ్చు. కాకపోతే వాన జల్లు పడని చోట కట్టండి, తడిసిన ఊలు ఆరడానికి రెండు రోజులు పడుతుంది.